చివరి పందెం తప్పనిసరి

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు మేం అక్కడ పరుగు సంఘం పెట్టాం. మేం అంటే, మద్రాసు నుంచి ఫైళ్ళతోపాటు రైలెక్కి వచ్చిన గుమాస్తాలం. ఆఫీసులు డేరాల్లో, మేం అద్దె గదుల్లో. సాయంత్రమైతే తోచేది కాదు. నేను మద్రాసులో నాలుగేళ్ళు ఒక సంఘంలో పరిగెత్తినవాణ్ణి. అక్కడి పద్ధతులు తెలుసు కాబట్టి కార్యదర్శి పని నాకు అప్పగించారు. మా శాఖలోని పెద్ద ఆఫీసరు ఒకాయన అధ్యక్షుడిగా ఉండడానికి ఒప్పుకుని వెండి కప్పు ఒకటి చేయించి ఇచ్చారు.

ఒక్క పందెం పెట్టి, గెలిచినవాడి చేతిలో కప్పు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక పూట ఎవడైనా బాగా పరిగెత్తవచ్చు. ఒక కాలమంతా పరిగెత్తేవాడు ఎవడో తేలాలి. అందుకని దసరా వెళ్ళినప్పటి నుంచి ఉగాది దాకా, మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది పందేలు పెట్టాం. మొదట వచ్చినవాడికి ఇరవై పాయింట్లు, రెండోవాడికి పంతొమ్మిది, అలా ఒక్కొక్కటే తగ్గుతుంది. ఎంత వెనకబడినా గీత దాటినవాడికి ఒక పాయింటు తప్పకుండా ఉంటుంది. చివర ఎనిమిదీ కలపం. ఎవరికి వాళ్ళకి బాగా వచ్చిన అయిదు పందేలే తీసుకుంటాం. మూడు పందేలు పాడైనా, జ్వరమొచ్చి రాలేకపోయినా మనిషికి నష్టం లేదు.

మొదటి ఏడు ఈ లెక్కలో ఒక లొసుగు బయటపడింది. మా ఆఫీసు కుర్రాడొకడు ఆరో పందేనికే ఎవరూ అందుకోలేనన్ని పాయింట్లు సంపాదించి, మిగిలిన రెండింటికీ రాలేదు. చివరి రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరుగా కప్పు తీసుకోవడానికి వచ్చాడు. అధ్యక్షుడు మొహం చిట్లించుకున్నారు. రెండో ఏడు నియమాలు టైపు చేయించినప్పుడు నేను చివర ఒక వాక్యం చేర్చాను. "చివరి పందెం తప్పనిసరి; అందులో గమ్యం చేరనివారికి ఆ యేటి పాయింట్లు ఏవీ చెల్లవు." ఆ వాక్యం చూసుకుని ముచ్చటపడ్డాను కూడా.

ఆ ఏడు, అంటే యాభై అయిదులో, మొదటి పందెం నాడు తెల్లవారి ఆరింటికి కొండారెడ్డి బురుజు దగ్గర పేర్లు రాసుకుంటున్నాను. కాన్వాసు బూట్లు వేసుకున్న కాలేజీ కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు కానిస్టేబుళ్ళు, మా గుమాస్తాలు కలిసి పాతికమంది దాకా ఉన్నారు. వరుస చివర ఒక మనిషి వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాడు. తల, కనుబొమ్మలు, చేతుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఎవరి కోసం వచ్చావు పెద్దాయనా?" అన్నాను.

"పరిగెత్తనీకే వచ్చినా సారూ. నాకు ఇరవై ఏడేండ్లే," అన్నాడు. "డూటీ దిగి నేరుగా వస్తాండా. ఇది రాయి పొడి. కడుక్కుంటే పోతాది."

వెళ్ళి కుళాయి కింద తల పెట్టి కడుక్కుని వచ్చాడు. చూస్తే నల్లటి జుట్టు, కోలమొహం, సన్నటి కాళ్ళు. పేరు మారెన్న. పత్తికొండ పక్క పల్లె. గొర్రెలు కాసేవాడు. యాభై రెండు కరువులో మేత లేక మంద అంతా పోయింది. పెండ్లాన్ని, అప్పుడే పుట్టిన కూతుర్ని తీసుకుని కర్నూలు వచ్చి, కల్లూరు అవతల ముగ్గురాయి మిల్లులో చేరాడు. బేతంచెర్ల వైపు నుంచి రాయి వస్తుంది. దాన్ని మరలో పిండిగా ఆడించి గోతాలకెత్తుతారు. ఆ గోతాలకెత్తే పని మారెన్నది.

ఆ పొద్దు నాలుగు మైళ్ళ పందెం. అతను రెండోవాడికి రెండు ఫర్లాంగుల ముందు వచ్చాడు. వచ్చి, ఎక్కడ ఆగాలో తెలియక నన్ను దాటి ఇంకా పోతుంటే కేక వేసి ఆపాల్సి వచ్చింది.

"యాడ నేర్చినావప్పా?" అని ఒక కానిస్టేబులు అడిగాడు.

"గొర్రె ఉరికితే మనమూ ఉరకాల గదా," అన్నాడు మారెన్న. అంతకంటే ఏమీ చెప్పలేదు.

రెండో పందెం కాలవ గట్టు మీద. అదీ అతనే గెలిచాడు. ఆ రోజు ఒక చిన్న గోతంలో తెల్లపొడి తీసుకొచ్చి నాకిచ్చాడు. మేం దారి గుర్తుకి సున్నం చల్లేవాళ్ళం, అది మంచుకి తడిసి చెరిగిపోయేది. "ఇది తడిసినా పోదు సారూ. మిల్లులో కింద పడిందే," అన్నాడు. నిజంగానే పోలేదు. ఆ ఏడంతా మా గీతలు దానితోనే గీశాం.

మూడో పందెం ముందు అధ్యక్షుడు స్వయంగా వచ్చారు. మారెన్న గురించి నేను అప్పటికే చెప్పి ఉన్నాను. ఆయనకి ఉత్సాహం కలిగి అందరి ముందూ అన్నారు, "ఈ ఏడు కప్పు గెలిచినవాడు సర్కారు కొలువులో లేనివాడైతే, మన ఆఫీసులో బంట్రోతు పని ఇప్పిస్తాను." ఆ మాట ఎవరికోసమో అందరికీ తెలుసు. మారెన్న తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడ్డాడు. ఆ పొద్దు అతను పరిగెత్తినట్టు ఆ ఊళ్ళో ఎవరూ పరిగెత్తగా నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం నన్ను కల్లూరులోని వాళ్ళ గుడిసెకి తీసుకెళ్ళాడు. భార్య జీవమ్మ జొన్నరొట్టె, గోంగూర పెట్టింది. మూడేళ్ళ కూతురు గిడ్డమ్మ నా టోపీ తీసుకుని తల మీద పెట్టుకుని కూర్చుంది. కప్పు ఎట్లా వస్తుందో వివరంగా చెప్పమని మారెన్న అడిగాడు. నేను చెప్పాను. అతనికంటే ముందు జీవమ్మకి అర్థమైంది.

"మూడు ఇరవైలు అరవై వచ్చినాయి. ఇంగ రెండు బాగా పరిగెత్తితే సాలు గదా సారూ?"

"చాలు. కాని ఎనిమిదోది మాత్రం తప్పకుండా పరిగెత్తాలి. ఎన్నో స్థానంలో వచ్చినా ఫరవాలేదు. గీత దాటాలి."

"అది ఎందుకు?"

"గెలిచినవాడు ఇంట్లో కూర్చోకూడదని."

"మా ఇండ్లల్లో ఎవురు కూర్చుంటారు సారూ," అని రొట్టె తిప్పింది.

నాలుగో పందెంలో మారెన్న రెండోవాడుగా వచ్చాడు. పెద్ద విషయమేమీ కాదు. ఒక కానిస్టేబులు ముందు వచ్చాడు, మంచి పొడుగరి. మారెన్న కాస్త దగ్గుతుంటే ఏమైందన్నాను. "సలికి దగ్గు పట్టింది సారూ," అన్నాడు. నేను కాగితంలో రెండు అని రాసి, పక్కన పంతొమ్మిది వేశాను.

అయిదో పందెం జనవరిలో. నాలుగోవాడుగా వచ్చాడు. పదిహేడు. కలిపితే తొంభై ఆరు. అయిదు పందేలూ నిండాయి. నేను అతని భుజం తట్టి, ఇక నువ్వు నిదానంగా పరిగెత్తినా ఫరవాలేదు అని చెప్పాను. అతను నవ్వాడు గాని మాట్లాడలేదు. మాట్లాడడానికి ఊపిరి అందలేదని నాకు తట్టలేదు.

ఆరో పందెం ఫిబ్రవరిలో, హంద్రీ ఒడ్డున. మారెన్న ఏడోవాడు. గీత దాటి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. చాలాసేపటికి గాని నిటారుగా నిలబడలేదు.

"పని ఎక్కువైందా మారెన్నా? ఓ పది రోజులు మిల్లు మానుకో," అన్నాను.

"మానితే యట్ల సారూ? మళ్ళ తీసుకోరు." కాసేపు ఆగి అన్నాడు, "ఉగాది ఇంగ నెలన్నరే గదా. బంట్రోతు పనొస్తే ఇంగ ఆ పక్కకే పోను."

నేను సరేనన్నాను. ఏడు అని రాసి, పక్కన పద్నాలుగు వేశాను.

ఏడో పందెంలో పదకొండు. పదకొండోవాడు. అతని కంటే ముందు వచ్చినవాళ్ళలో మా హెడ్ గుమాస్తా కూడా ఉన్నాడు, పొట్ట ఉన్న మనిషి.

ఆ పందెం ఓబులేసు గెలిచాడు. అంతకు ముందుదీ అతనే గెలిచాడు. ఓబులేసు కాలేజీలో చదువుకునే కుర్రాడు, కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర పల్లె. తండ్రికి పొలాలున్నాయి. మొదటి పందెంలో అయిదోవాడు, తర్వాత నాలుగు, మళ్ళీ నాలుగు, ఇంకోసారి నాలుగు, మూడు, ఒకటి, ఒకటి. ఎక్కుతూ వచ్చాడు. పొడుగరి కానిస్టేబులు బదిలీ అయి వెళ్ళిపోయాడు. కప్పుకి ఇక మిగిలింది మారెన్న, ఓబులేసు. ఓబులేసువి తొంభై రెండు. చివరిది గెలిస్తే తొంభై అయిదు. మారెన్నవి తొంభై ఆరు. ఒక్క పాయింటు తేడా. మారెన్న గీత దాటితే కప్పు అతనిది, దాటకపోతే ఓబులేసుది. ఆ కాగితం చూసుకుంటే నాకెంతో తృప్తిగా ఉండేది. లెక్క అనుకున్నట్టే పనిచేస్తోంది.

చివరి పందేనికి ముందు శనివారం సాయంత్రం ఓబులేసు నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఆ చివరి పందెం నియమం ఈసారికి తీసెయ్యండి."

"ఎందుకు?"

"మారెన్న బాగలేడు సార్. మొన్న కల్లూరు పోయి చూసినా. గుడిసె నుంచి బాయి కాడికి నడిచేదానికి రెండుసార్లు నిలబడతాండాడు. రేపు ఎనిమిది మైళ్ళు. జగన్నాథగట్టు కొండ ఎక్కాల."

"నిదానంగా నడిచినా చాలుగా. టైము పెట్టలేదు."

"నడిచేదే కష్టం అంటాండా. కప్పు ఆయనకే ఇయ్యండి. నాకేం పనికొస్తాది అది? నాకు బంట్రోతు పని అక్కరలేదు గదా."

నేను ఆలోచించినమాట నిజమే. అయితే ఏం ఆలోచించానంటే, టైపు చేసిన నియమాల కింద అధ్యక్షుడి సంతకం ఉంది, ఇప్పుడు మారిస్తే మిగిలినవాళ్ళు ఏమంటారు, కిందటేడు ఇస్త్రీ చొక్కా కుర్రాడు ఏమంటాడు అని. మారెన్న గురించి ఆలోచించలేదు.

"నియమం నియమమేనయ్యా. ఒకరికోసం మారిస్తే ఇక దానికి విలువేముంది?" అన్నాను.

ఓబులేసు "మీరు పోయి ఆయప్పను ఒకసారి చూడండి సార్," అని వెళ్ళిపోయాడు. నేను వెళ్ళలేదు. మర్నాటి పందేనికి గుర్తులు చల్లించే పని ఉంది.

ఉగాదికి ముందు ఆదివారం. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. పంతొమ్మిదిమంది నిలబడ్డారు. మారెన్న నీళ్ళు పోసుకుని, తల దువ్వుకుని, ఉతికిన బనీను వేసుకుని వచ్చాడు. జీవమ్మ కూతుర్ని ఎత్తుకుని బురుజు నీడలో నిలబడింది. అంతకు ముందు ఏ పందేనికీ ఆమె రాలేదు.

గంటకి పది నిమిషాలు తక్కువలో మొదటివాడు వచ్చాడు. మా గుమాస్తాల్లో ఒకడు. ఓబులేసు రాలేదు. రెండు, మూడు, నాలుగు వచ్చారు. ఓబులేసు రాలేదు. పదిహేడుమంది వచ్చారు. ఎండ బాగా ఎక్కింది. అధ్యక్షుడు వాచీ చూసుకుంటున్నారు. జీవమ్మ నీడలోంచి బయటికి వచ్చి రోడ్డు మధ్య నిలబడింది.

గట్టు మీద గుర్తుకి నిలబెట్టిన మనిషి సైకిలు మీద వచ్చి చెప్పాడు. మారెన్న గట్టు సగం ఎక్కి కూర్చుండిపోయాడట. లేచాడట, మళ్ళీ కూర్చున్నాడట. ఓబులేసు మొదటి నుంచీ అతని వెనకే ఉన్నాడట, పది గజాల దూరంలో. చెయ్యి పట్టుకోబోతే మారెన్న విదిలించుకున్నాడట.

పందెం మొదలై రెండు గంటలు దాటాక ఇద్దరూ కనబడ్డారు. మారెన్న పరిగెత్తుతున్నాడు. అది పరుగో నడకో చెప్పలేం గాని, చేతులు మాత్రం పరిగెత్తేవాడి చేతుల్లాగే ఊపుతున్నాడు. నాలుగు అడుగులకోసారి ఆగి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఆ చప్పుడు యాభై గజాల నుంచి వినబడుతోంది. గీత ముందు ఓబులేసు నిలబడిపోయి, అతను దాటాక తను దాటాడు.

మారెన్న కింద కూర్చుని దగ్గాడు. బనీను మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. జీవమ్మ కొంగుతో తుడిచింది. నేను పద్దెనిమిది అని రాశాను.

ఊపిరి చిక్కాక అతను మొదట అన్న మాట ఓబులేసుతో. "నా యెనకాల ఎందుకొచ్చినావప్పా? నువ్వు గెలిచేటోనివి. నాకు దానం జేస్తాండావా?"

"దానం కాదన్నా," అన్నాడు ఓబులేసు. "పడిపోతావేమో అని."

"పడలే గదా," అన్నాడు మారెన్న.

అధ్యక్షుడు కప్పు ఇచ్చి, చెయ్యి కలిపి, సోమవారం కాగితాలు కదుపుతానన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. ఎటొచ్చీ సర్కారు ఉద్యోగమంటే డాక్టరు సర్టిఫికేటు ఉండాలి.

ఆసుపత్రికి మారెన్నను నేనే తీసుకెళ్ళాను. ఎందుకైనా మంచిదని పాయింట్ల కాగితం కూడా జేబులో పెట్టుకున్నాను, ఎంత గొప్ప పరుగుగాడో డాక్టరుకి చూపిద్దామని. డాక్టరు యాభై ఏళ్ళ మనిషి, నిదానస్తుడు. వీపు మీద వేళ్ళతో తట్టి, గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి, మూడో రోజు రమ్మన్నాడు. మూడో రోజు ఫోటో కిటికీకి ఎత్తిపట్టి చూస్తూ అడిగాడు, "ఆయాసం ఎప్పటి నుంచి?"

"ఆయాసమేం లేదు సార్. మొన్న ఎండకు," అన్నాడు మారెన్న.

నేను సిఫారసు చేస్తున్నాననుకుని కాగితం తీసి డాక్టరు ముందు పెట్టాను. "ఈ ఏడు మా కప్పు ఇతనే గెలిచాడు సార్. మూడు పందేలు వరసగా మొదటివాడు."

డాక్టరు కాగితం తీసుకుని మారెన్న పేరు మీద వేలు పెట్టి అడ్డంగా జరుపుతూ చదివాడు. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పదకొండు, పద్దెనిమిది. పైన తేదీలున్నాయి. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మారెన్నను బయట కూర్చోమని చెప్పి, తలుపు మూశాక నన్ను అడిగాడు.

"ఇది మీరే రాశారా?"

"అవునండి."

"ఈ జబ్బు ఎట్లా ముదురుతుందో ఇంత వివరంగా మేము కూడా రాసిపెట్టుకోం." కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. "రాయి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. పోయేది కాదు. డిసెంబర్లో, నాలుగో పందేనికి రెండు అని రాసినప్పుడు, మిల్లు మాన్పించి తీసుకొచ్చి ఉంటే కొన్నేళ్ళు బతికేవాడేమో. ఈ ఎనిమిది మైళ్ళు ఎవరు పరిగెత్తమన్నారు?"

ఆయన కాగితం మడిచి నాకిచ్చేశాడు.

బయట బల్ల మీద మారెన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"పని రాలేదా సారూ?"

"రాలేదు."

"కప్పు గెలిచినా గదా?"

"గెలిచావు. డాక్టరు సర్టిఫికేటు ఇవ్వనన్నాడు. మిల్లు పని మానెయ్యమన్నాడు మారెన్నా."

అతను తలాడించాడు. ఆసుపత్రి గేటు దాకా ఇద్దరం నడిచాం. గేటు దగ్గర, "నాకు తెలుసు సారూ. మిల్లులో మాయట్లోళ్ళు నలుగురు పోయినారు," అన్నాడు. "అందుకే గదా ఉరికింది."

మర్నాడు మళ్ళీ మిల్లుకే పోయాడు. అధ్యక్షుడితో మాట్లాడాను. డాక్టరు కాదన్నాక తన చేతిలో లేదన్నారు ఆయన. అప్పటికే రాజధాని హైదరాబాదు పోతుందన్న మాట ఖాయమైపోయింది, ఎవరికీ వేరే విషయం పట్టడంలేదు. నేను కల్లూరుకి రెండుసార్లు పోయాను. మొదటిసారి అతను కూర్చుని ఉన్నాడు. రెండోసారి గోడకి ఆనుకుని ఉన్నాడు, పడుకుంటే గాలి ఆడడంలేదట. ఏం మాట్లాడాలో తెలియక పందేల గురించి మాట్లాడాను. ఆ తర్వాత పోలేదు. ఆఫీసు పని ఉందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. పని నిజంగానే ఉండేది.

శ్రావణమాసంలో ఒక పొద్దున జీవమ్మ నా గది ముందు నిలబడింది. చేతిలో గుడ్డ మూట. విప్పితే కప్పు. చింతపండుతో తోమినట్టుంది, మెరుస్తోంది.

"ఇది వచ్చే ఏడు యేరే వాళ్ళకు ఇయ్యాల గదా సారూ. ఆయప్ప చెప్పినాడు, మర్చిపోకుండా ఇచ్చిరమ్మని."

"మారెన్న ఎట్లా ఉన్నాడు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "పదకొండు దినాలాయె సారూ," అంది.

ఆమె కప్పు గూట్లో పెట్టి, మూట గుడ్డ మడుచుకుని వెళ్ళిపోయింది. ఏమైనా కావాలా అని కూడా నేను అడగలేదు. వారం తర్వాత తెగించి కల్లూరు పోతే గుడిసె తలుపు వేసి ఉంది. పక్కింటి ముసలామె మిల్లు వైపు చెయ్యి చూపించింది.

మిల్లు షెడ్డు నిండా తెల్లటి పొగలా ఉంది. గోతాలకెత్తేచోట నలుగురు ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని వంగి ఉన్నారు. అందులో ఎవరు జీవమ్మో పోల్చుకోలేకపోయాను. ఆమే నన్ను చూసి బయటికి వచ్చింది. మొహానికి కట్టుకున్నది ఆ రోజు కప్పు చుట్టిన గుడ్డే. గిడ్డమ్మ షెడ్డు బయట ఇసకలో ఆడుకుంటోంది. దాని జుట్టూ తెల్లగానే ఉంది.

"నువ్వు ఈ పని చెయ్యకూడదు జీవమ్మా. మారెన్నకి ఏమైందో చూశావు కదా."

"చూసినా సారూ." గుడ్డ కిందికి లాగింది. "ఆయప్ప నాలుగేండ్లు చేసినాడు. మూడేండ్లు బాగనే ఉన్నాడు. నేను ఒక రెండేండ్లు చేస్తే పాప కొంచెం పెద్దదైతాది. అప్పుడు మానుకుంటా."

ఆమె వేసిన లెక్కలో ఎక్కడా తప్పులేదు. అక్కడి నుంచి మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. "వీళ్ళకి క్షయ సార్. పల్లెల నుంచే తెచ్చుకుంటారు. మా దగ్గర ఏముంది, ముగ్గేసుకునే పిండే కదా?" అన్నాడు. మజ్జిగ గ్లాసు అంచు మీద కూడా తెల్లటి పొర ఉంది. తాగకుండా లేచాను.

ఆ సాయంత్రమే ఓబులేసుకి ఉత్తరం రాశాను. పరీక్ష రాసి ఊళ్ళో ఉంటున్నాడు. ఆ శనివారం అతని మాట విననందుకు క్షమించమని గాని, నాదే తప్పని గాని రాయలేదు. రెండుసార్లు రాసి చించేశాను. మారెన్న పోయాడనీ, భార్య మిల్లులో చేరిందనీ, మీ పొలంలో ఏమైనా పని దొరుకుతుందా అనీ మాత్రం రాశాను.

జవాబు రాలేదు. పది రోజులకి మనిషే వచ్చాడు. ఇద్దరం కల్లూరు పోయాం. జీవమ్మ మొదట ఒప్పుకోలేదు.

"ఎర్రగుంట్ల యాడుండాదో నాకు తెలీదు. మా వాళ్ళెవరూ లేరు ఆడ."

"మా యమ్మ ఉంది. రామలక్ష్మమ్మ," అన్నాడు ఓబులేసు. "కంది, జొన్న, పత్తి ఉంటాయి. ఉండేదానికి కొట్టం ఉండాది. నచ్చకపోతే నేనే తిరిగి తెచ్చి దిగబెడతా."

"నువ్వు ఎందుకప్పా ఇదంతా?"

"ఆ పొద్దు గట్టు కాడ ఆయన్ని ఎత్తుకుని తెచ్చేదుండె. కోపమొస్తాదని యెనకాల నడిచినా," అన్నాడు ఓబులేసు.

జీవమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆమె లోపలికి పోయి రెండు గిన్నెలు, ఒక కంబళి మూట కట్టుకుంది. కంబళి మారెన్నది, గొర్రెలు కాసిన రోజులది.

అక్టోబరు చివర్లో మేం ఫైళ్ళు కట్టుకుని హైదరాబాదు పోయాం. సంఘం అక్కడితో అయిపోయింది. కప్పు అధ్యక్షుడికి ఇచ్చేశాను. అక్కడ మళ్ళీ పెడదామని ఒకరిద్దరు అడిగారు గాని నేను ముందుకు రాలేదు.

ఓబులేసు ఏడాదికో ఉత్తరం రాసేవాడు. రెండో ఉత్తరంలో, గిడ్డమ్మని బడిలో వేశామనీ, జీవమ్మ అమ్మకి కుడిచెయ్యిలా ఉందనీ, పత్తి బాగా తీస్తుందనీ రాశాడు. చివర, ఈ చలికాలం ఆమె కొద్దిగా దగ్గుతోంది, పల్లె వైద్యుడు కషాయం ఇచ్చాడు అని ఒక ముక్క ఉంది. ఆమె మిల్లులో చేసింది మొత్తం మూడు వారాలు.

నేను ఆ పూటే తిరుగు టపాలో రాశాను. దగ్గు ఏ తేదీన మొదలైందో, కొట్టం నుంచి చేను దాకా పోవడానికి ఆమె ఎన్నిసార్లు ఆగుతోందో చూసి రాయమని, ఆ కాగితం తీసుకుని ఈ వారంలోనే ఆమెను కడప పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని.